మూతల మీద తెల్ల నూగు

భార్గవి మా పై అంతస్తులో ఉంటుంది. ప్రొద్దుటూరు మనిషి. నార్సింగిలో మా టవరుకు రంగులు ఆరకముందే తల్లి కమలమ్మను వెంటబెట్టుకుని వచ్చి చేరింది. అప్పట్లో మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేది. ఏళ్ల తరబడి చేసి, ఒకరోజు అది వదిలేసి, గోపన్‌పల్లి దాటాక ఒక రేకుల షెడ్డు కిరాయికి తీసుకుంది. పాతకాలపు కార్ల ఇంజన్లలో ఉండే అల్యూమినియం భాగాలను శుభ్రం చేసి, మెరుగుపెట్టి, మళ్లీ చెడకుండా పైన పూత వేసి ఇవ్వడం మొదలుపెట్టింది.

"బంగారమట్లా ఉద్యోగం ఇడిసిపెట్టి చట్లు తోముకుంటావా?" అని కమలమ్మ కొన్నాళ్లు కూతురితో మాట్లాడలేదు.

భార్గవికి మాత్రం అది కొత్త పనిలా అనిపించలేదట. "కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడూ ఇదే కదా చేసింది. వస్తువు ఎక్కడ చెడుతుందో, ఎట్లా చెడుతుందో ముందే వెతికి పట్టుకోవడం," అని నాతో ఒకసారి లిఫ్టులో అంది. ఆమె మాట్లాడేది తక్కువ. పొద్దున్నే నూలు చొక్కా, మందపాటి బూట్లు వేసుకుని వెళ్లిపోతుంది. సాయంత్రం వచ్చేటప్పుడు గోళ్ల చివర్లలో బూడిదరంగు ఉంటుంది.

షెడ్డులో ఆమెకు తోడు ఓదెలు. పెద్దపల్లి వైపు నుంచి వచ్చినవాడు, వయసు యాభై దాటింది. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం చేసి, నిలబడి నిలబడి కాళ్లు వాచి, ఈ పనిలోకి వచ్చాడు. సన్నటి గాజుపూసలు కలిపిన నీళ్లను గాలి ఒత్తిడితో లోహం మీద కొట్టే పెట్టె ఒకటి అక్కడుంది. దాని ముందు ఓదెలు కూర్చుంటే జిడ్డు, మసి, పాతరంగు అంతా పోయి అల్యూమినియం కడిగిన బియ్యంలా తేలుతుంది.

నేను చెప్పేది పోయిన వేసవి సంగతి. రంగనాథ్ గారని అనంతపురం ఆయన, కోకాపేటలో విల్లాలు కట్టి, ఆ పని కొడుక్కి అప్పగించి తీరిక చేసుకున్నాడు. బంజారాహిల్స్‌లో ఏదో పాత కుటుంబం దగ్గర అరవైల నాటి జాగ్వార్ కారు కొన్నాడు. దాని ఇంజన్ నెత్తిన మూరెడు పొడవున్న రెండు అల్యూమినియం మూతలుంటాయి. బానెట్ ఎత్తగానే ముందు కనబడేవి అవే. రెండింటినీ పాత దుప్పటిలో చుట్టి, పసిపిల్లల్ని దించినట్టు తెచ్చి భార్గవి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, నాకు దీంట్లో నా మొగం కనపడాల. మళ్లీ మళ్లీ తుడిచే పని ఉండగూడదు. నా తర్వాత కూడా అట్లనే ఉండాల."

"రెండూ ఒకేసారి కష్టం సార్," అంది భార్గవి. "అద్దంలా మెరవాలంటే లోహాన్ని బట్టబయలుగా ఉంచాలి. అప్పుడు గాలి తగిలి మసకబారుతుంది. మసకబారకుండా పైన ఏదైనా వేస్తే మెరుపు కొంత తగ్గుతుంది. ఇంజన్ వేడికి ఆ పూత పసుపెక్కకుండా, పెచ్చులూడకుండా ఉండాలి. ఇది పోతపోసిన అల్యూమినియం, లోపల కంటికి కనబడని బొక్కలుంటాయి. రేకులాగా చెప్పిన మాట వినదు."

"నువ్వే ఏదో ఒకటి చూడు. నాకు తొందర లేదు."

మొదట పాలిష్ చేసి పైన సన్నటి క్లియర్ కోటు వేసింది. చూడముచ్చటగా వచ్చింది. వారం తిరక్కుండా రంగనాథ్ గారు మూతలతో తిరిగొచ్చాడు. పారదర్శకంగా ఉన్న పూత కింద తెల్లటి గీతలు పాకి ఉన్నాయి. పురుగులు ఆకు పొరల మధ్య తిన్న దారుల్లా ఉన్నాయి. పూత మీద చెయ్యి పెడితే నున్నగానే ఉంది. పాకుతున్నది లోపల.

పూత అంతా తీసేసి, ఈసారి కరెంటు పెట్టి లోహానికే గట్టిపొర తెప్పించే అనోడైజింగ్ చేసింది. మూతలు బూడిదరంగుకు తిరిగాయి. రంగనాథ్ గారికి నచ్చకపోయినా సరేనన్నాడు. కొద్దిరోజులకే మూలల్లో తెల్లటి నూగు లేచింది. వేలితో తుడిస్తే పిండిలా రాలింది. మరునాటికి మళ్లీ లేచింది. తర్వాత సిరామిక్ పూత వేసింది. దాని కింద కూడా అదే.

"మేడం, గిది సూడుండ్రి," అని ఓదెలు పిలిచాడొకరోజు. అరమీద వరసగా ఉన్న వేరేవాళ్ల వస్తువులు చూపించాడు. కార్బురేటర్ గిన్నె, ఫ్యాను చక్రం, నీళ్ల పంపు మూత. అన్నిటి మీదా తెల్ల నూగు. "గా రెండు మూతలొచ్చినంకనే మొదలైంది. ఒకదానికెల్లి ఇంకోదానికి అంటుతున్నట్టుంది. నాకైతే మంచిగనిపిస్తలేదు."

"లోహానికి అంటురోగం రాదు ఓదెలన్నా," అంది భార్గవి. అన్నదే గానీ ఆ సాయంత్రం జాగ్వార్ మూతల్ని మిగతావాటికి దూరంగా, విడిగా ఒక పీట మీద పెట్టింది.

వాసన సంగతి ఆ తర్వాత తెలిసింది. పోత అల్యూమినియంలో ఇంకిన పాత నూనె బయటికి రావాలంటే పూతకు ముందు ఓవెన్‌లో పెట్టి కాల్చాలి. ఎప్పుడూ మాడిన నూనె వాసనే వస్తుంది. ఆ మధ్యాహ్నం మూతల్ని కాలుస్తుంటే షెడ్డంతా చెరువు అడుగు బురద వాసన వచ్చింది. దాని వెనకే ఇంకో వాసన. తలంటుకుని ఆరబెట్టుకోని జుట్టు వాసన. అప్పుడే వచ్చిన రంగనాథ్ గారు గుమ్మంలో ఆగిపోయి, "లోపల ఎవురున్నారు?" అని అడిగాడు.

"నేనూ ఓదెలన్నా. ఎందుకు సార్?"

"ఏం లేదులే," అని ఆయన లోపలికి రాకుండా బయట ఎండలోనే నిలబడ్డాడు.

ఇంట్లో కమలమ్మకు అప్పటికే మనసు బాగాలేదు. స్నానాలగది తలుపు మూసుకోవడం మానేసింది. భార్గవి గుచ్చి గుచ్చి అడిగితే అంది: "ఈ నీళ్లు ఒంటిమీద పోసుకుంటే వెనకాల ఎవురో నిలబడినట్టుంటాదే. నా జుట్టు చూడు, పీచయిపాయ. యాడ నుంచి తెస్తాండారీ నీళ్లు?"

భార్గవి నవ్వి ఊరుకోబోయి ఆగింది. వంటింటి గట్టు మీద ఇడ్లీ రేకులు బోర్లించి ఉన్నాయి. అంచుల్లో తెల్ల నూగు. స్నానాలగది కిటికీ అల్యూమినియం చట్రం కింది పట్టీ చూసింది. అక్కడా అదే. జాగ్వార్ మూతలు ఈ ఇంటికి ఎప్పుడూ రాలేదు.

ఆ రోజే మా తలుపు కూడా తట్టింది. "మీ కిటికీలు ఒకసారి చూడొచ్చా?" అంది. మా చట్రాలకూ ఉంది. నేను దాన్ని సున్నం మరక అనుకుని గీకేస్తూ వచ్చాను. "మీకు స్నానం చేస్తే ఒళ్లు జారుడుగా ఉంటోందా, సబ్బు వదలనట్టు?" అని అడిగింది. ఉంటోంది. మా అబ్బాయి వీపంతా పొలుసులు లేస్తే ఎండలకని అనుకున్నాం.

షెడ్డులో ఆమె దగ్గర నీళ్లలో ఆమ్లం ఉందో క్షారం ఉందో చూసే కాగితాలుంటాయి. మా కొళాయి కింద పెడితే కాగితం ముదురు నీలానికి తిరిగింది. షెడ్డు డ్రమ్ములో నీళ్లకూ అదే రంగు. అల్యూమినియాన్ని తినేసే క్షారం అది. మూతల్ని ఎంత శుభ్రం చేసినా చివర కడిగేది ఆ నీళ్లతోనే. లోహం బొక్కల్లో ఆ నీళ్లు ఆరిపోయి, ఆపైన వేసిన ప్రతి పూత కిందా కూర్చుని తింటున్నాయి. వేసవి మొదట్లో షెడ్డు బోరు ఎండిపోయింది. మా టవరు బోర్లూ ఎండిపోయాయి. రెండు చోట్లకీ నీళ్లు తెచ్చేది ఒక్కడే, ట్యాంకర్ బాలనర్సయ్య.

బాలనర్సయ్య మంచివాడే. పండుగనాడు కూడా నీళ్లు తప్పించడు. మర్నాడు షెడ్డుకు ట్యాంకర్ తెచ్చినప్పుడు భార్గవి అడిగింది.

"బోరు నీళ్లే మేడం. ఫికర్ చెయ్యకుండ్రి."

"ఏ బోరు?"

అతను పైపు చుట్ట చుట్టసాగాడు. ఆ పని అయిపోయాక కూడా తల ఎత్తలేదు. "బోర్లు యాడున్నయి మేడం గీ ఎండకాలం. క్వారీ గుంతకెల్లి తెస్తున్న. అందరు గాడికెల్లే తెస్తున్నరు." గొంతు తగ్గించి అన్నాడు: "ఇగ నేను గాడికి పోను. నీళ్లు అడుగంటుతున్నయ్. లోపల ఏందో కనవడుతుంది."

"ఏంది?"

"ఏమో. నేను మంచిగ సూడలే. గది సూడబుద్ధి కాలే."

తన మూతల సంగతి కనుక్కుందామని వచ్చి పక్కనే ఉన్న రంగనాథ్ గారు, "పద, పోయి చూద్దాం," అన్నాడు. ట్యాంకర్ ముందు, వెనక ఆయన కారులో భార్గవి, ఓదెలు వెళ్లారు.

మా టవర్లకు అవతల ఒకప్పటి గుట్టను కంకర కోసం తొలిచి వదిలేసిన గుంత అది. నాలుగువైపులా నిలువుగా కోసిన రాయి. పై నుంచి మా టవర్లూ, ఆఫీసుల అద్దాల గోడలూ దాంట్లోకి తొంగిచూస్తున్నట్టు ఉంటాయి. నడి మధ్యాహ్నం. ఒక్క పిట్ట లేదు. ఒక పక్క నుంచి కాంక్రీటు కలిపే లారీలు డ్రమ్ములు కడిగి ఒంపిన బూడిదరంగు బురద, గడ్డకట్టిన నాలుకలా రాతిగోడ వెంట నీళ్లలోకి దిగి ఉంది. క్షారం ఎక్కడిదో భార్గవికి అర్థమైంది. నీళ్లు మాత్రం పాలు విరిగినట్టు, అందమైన లేత ఆకుపచ్చ రంగులో ఉన్నాయి.

ఆ ఆకుపచ్చ మధ్యలో గుండ్రటి వీపు ఒకటి తేలి ఉంది. మొదట బండ అనుకున్నారు.

"అది కారు," అన్నాడు రంగనాథ్ గారు. "నా కారు కాలందే. ఆ వంపు చూడు."

వాళ్లు చూస్తుండగానే గుంత అవతలి ఒడ్డున వేరే ట్యాంకర్ మోటారు మొదలైంది. నీళ్లు ఇంకాస్త దిగాయి. వెనక అద్దం పైఅంచు బయటపడింది.

పోలీసులు వచ్చి, క్రేన్ తెప్పించి బయటికి లాగడానికి రెండు రోజులు పట్టింది. మా టవర్లలో చాలామంది బాల్కనీల్లో నిలబడి చూశారు. నేనూ చూశాను. అద్దాలన్నీ పైకి ఎత్తి ఉన్నాయి. తలుపులన్నిటికీ గడియలు పడి ఉన్నాయి. తాళంచెవి స్టీరింగు పక్కన దాని చోట్లోనే ఉంది. లోపల సీట్ల ఎత్తు దాకా బురద. మనిషి లేడు, ఎముక ముక్క కూడా లేదు. వేరే తాళంచెవితో బయటినుంచి తాళం వేసి, కారును గుంతలోకి తోసేసి ఉంటారన్నాడు పోలీసాయన. అయి ఉండవచ్చు. నంబరు ప్లేటు అల్యూమినియం రేకుది. దాని చోట తెల్లటి ముద్ద తప్ప ఏమీ లేదు. ఇంజన్ గదిలో కారు వివరాలు చెక్కిన బిళ్ల కూడా అల్యూమినియందే, అదీ కరిగిపోయింది. ఇనుము మీది అంకెలు తుప్పులో కలిసిపోయాయి. అది ఎవరి కారో తెలుసుకునే దారి లేకుండా పోయింది. నీళ్లు దాని పేరును తినేశాయని కమలమ్మ అంది. ఆ నీళ్లే మేం ఎండాకాలమంతా ఒంటిమీద పోసుకున్నాం.

కారును ఊరిబయట పట్టుబడిన బండ్లు పెట్టే ఖాళీ జాగాలో వదిలారు. భార్గవి అక్కడికి వెళ్లింది. ఎందుకని అడిగాను. "ఆ నీళ్లలో అన్నేళ్లు ఉన్న అల్యూమినియం ఏమైందో చూడాలనిపించింది," అంది. ఓదెలు ప్రహరీ బయటే ఉండిపోయాడు.

బానెట్ అప్పటికే సగం ఊడి ఉంది. లోపల అల్యూమినియం అన్నది ఎక్కడెక్కడ ఉండాలో అక్కడంతా తెల్లటి గంజి. చెయ్యి తగిలితే జారిపోతోంది. ఆ తెలుపు నడుమ ఒకే ఒక్కటి నల్లగా, నిటారుగా ఉంది. ఇంజన్ నెత్తిన మూత. దాని మీద ముడతలు ముడతలుగా ఉండే పాతకాలపు నల్లరంగు, ఓవెన్‌లో పెడితే వేడికి తనంత తానే ముడుచుకునే రంగు. భార్గవి చేతిరుమాలుతో తుడిచింది. రంగు ఎక్కడా లేవలేదు. గోటితో గీకింది. పొర కదల్లేదు. అంచులు, బోల్టు రంధ్రాల లోపలి గోడలు, తిరగేస్తే తప్ప కనబడని కింది పెదవి, అన్నిచోట్లా రంగు ఒకే మందంలో ఉంది. ఇత్తడి నట్లు పట్టిన చోట కూడా లోహం ఎక్కడా బయటపడలేదు.

"ఎవరో చాలా ఓపికగా చేశారు," అని నాతో చెప్పింది. "రంగు వేయకముందు లోహంలో తడి, నూనె ఏమీ మిగలకుండా తీసేశారు. ఎవరూ చూడని చోట కూడా వదల్లేదు. నేనైతే కింది పెదవిని అంత పట్టించుకుని ఉండేదాన్ని కాదు."

ఆమె తల ఎత్తినప్పుడు కారు ముందద్దం ఎదురుగా ఉంది. లోపలివైపు ఎండిన బురద అద్దమంతా కప్పేసింది, డ్రైవరు కూర్చునే వైపు ఒకచోట తప్ప. అక్కడ అరచెయ్యి వెడల్పున, వంపుగా, తుడిచినట్టు శుభ్రంగా ఉంది. తలుపులు తెరిచినప్పుడు పోలీసులే తుడిచి ఉంటారనుకుంది. అనుకుంటూనే వెనక్కి నడిచి, ప్రహరీ బయటికి వచ్చేదాకా కారు వైపు వీపు పెట్టలేదు.

రంగనాథ్ గారు షెడ్డుకు వచ్చినప్పుడు భార్గవి నల్లరంగు గురించి చెప్పింది.

"నా మొగం కనపడదు గదమ్మా దాంట్లో."

"కనపడదు సార్."

"ఆ కారోడు కూడా నాలాగే మోజుపడి చేయించుకున్నాడేమో." ఆయన లేచి, మూతల్ని చుట్టి తెచ్చిన దుప్పటి మడతపెట్టాడు. "సరే. అదే వెయ్యి. మెరిసేది ఇంక నాకొద్దు."

ఈసారి భార్గవి బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు క్యాన్లతో తెప్పించింది. ఓదెలు కూర్చునే పెట్టెలో పాత గాజుపూసలు, నీళ్లు మొత్తం పారబోయించి కొత్తవి నింపింది. మూతల్ని పలుచటి ఆమ్లంలో ముంచి, శుద్ధమైన నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, సన్న వేడి మీద చాలాసేపు ఉంచింది. చెరువు వాసన మొదట కొద్దిగా వచ్చింది, తర్వాత పోయింది. రంగు వేసి ఓవెన్‌లో పెట్టాక చిన్న గాజుకిటికీ గుండా ఆమె, ఓదెలు చూస్తూ కూర్చున్నారు. నున్నగా ఉన్న నల్లరంగు ఒక మూల కదిలింది. సన్నగా ముడుచుకుంటూ, ముసలివాళ్ల చేతి చర్మంలా మడతలు పడుతూ, మూత ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది.

"పానం ఉన్నట్టే పోతుంది గదా మేడం," అన్నాడు ఓదెలు. భార్గవి ఊ అంది. కిటికీ మీద నుంచి చూపు తిప్పలేదు.

వానాకాలం వెళ్లిపోయింది. రంగనాథ్ గారి మూతల మీద నూగు లేవలేదు. ఆయన జాగ్వార్‌ను ఆదివారాలు బయటికి తీస్తాడు, బానెట్ ఎత్తి ఎవరికీ చూపించడు. మా టవరు వాళ్లం పెద్ద మీటింగు పెట్టుకుని, అరుచుకుని, చివరికి ప్రభుత్వం పైపుల్లో ఇచ్చే మంజీరా నది నీళ్ల కోసం పట్టుబట్టి తెచ్చుకున్నాం. బాలనర్సయ్య ట్యాంకర్ అమ్మేసి ఆటో తోలుకుంటున్నాడు. గుంతను మట్టితో పూడ్చేశారు. అక్కడ ఇంకో టవరు లేస్తోంది, బోర్డు మీద పడవ బొమ్మలు, నీటి ఫౌంటెన్ బొమ్మలు వేశారు. కమలమ్మ మాత్రం ఇప్పటికీ స్నానాలగది తలుపు ఓరగా ఉంచుకునే నీళ్లు పోసుకుంటుంది.

చలికాలంలో భార్గవి ఆ ఖాళీ జాగాకు ఇంకోసారి వెళ్లింది. ఆ మూత కింది పెదవి మీద రంగు ఎలా తిప్పారో కొలుచుకుందామని, వీలైతే అడిగి తెచ్చుకుందామని. కారు అక్కడే ఉంది, తుప్పు ఇంకా ఎక్కింది. చక్రాలున్నాయి, సీట్ల ఇనుము ఉంది, స్టీరింగు ఉంది. మూత ఒక్కటే లేదు. ఇంజన్ నెత్తి తెరుచుకుని ఉంది. తుక్కు ఎత్తుకుపోయేవాడైతే ముందు ఇత్తడి తీసుకుంటాడు. ఇత్తడి నట్లు మాత్రం వాటి వాటి చోట్లలో మళ్లీ తిప్పి, వేళ్లతో బిగించి, వరసగా పెట్టి ఉన్నాయి. పనివాళ్లు అలా పెడతారు, మళ్లీ వచ్చి బిగించేటప్పుడు వెతుక్కోకుండా.

కాపలాదారును అడిగితే, "ఎవ్వరు రాలే మేడం. దీంతోని ఎవలికేం పని?" అన్నాడు.

ఈ సంగతి ఆమె నాకు మా మెట్ల దగ్గర నిలబడి చెప్పింది. లిఫ్టు వచ్చి వెళ్లిపోయినా ఎక్కలేదు. అప్పటినుంచి షెడ్డుకు కొత్తవాళ్లు ఎవరైనా పాత వస్తువు ఏదైనా గుడ్డలో చుట్టి తెస్తే, ముందు వాళ్ల చేతుల వైపు చూస్తుందట. తెచ్చినవాళ్లు ముసలివాళ్లయితే మరీ. మూట విప్పి, లోపలున్నది ఆ నల్ల మూత కాదని తేలేదాకా ఏమీ అడగదు.